వేడికీ ఒక లెక్క ఉండాలి



ప్రతి సంవత్సరం డిసెంబరు 14వ తేదీన జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం వస్తుంది. బడిలో వ్యాసరచన పోటీలు పెడతారు. కరెంటు ఆదా చేయండి అని రాసి బహుమతులు తెచ్చుకుంటాం. సరిగ్గా ఆ రోజుల్లోనే మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో చలి ముదురుతుంది. తెల్లవారుజామున లేచి చన్నీళ్ళు పోసుకునే పిల్లలకు ఇంధన పొదుపు గురించి కొత్తగా చెప్పవలసింది ఏముంది? రెండు బల్బులు, ఒక ఫ్యాను ఉన్న ఇంట్లో ఆదా చేయడానికి మిగిలింది ఏముంది? ఈ ప్రశ్న న్యాయమైనదే.

అయినా ఈ విషయం మీదే రాయాలని మేము అనుకున్నాము. పొదుపు అంటే ఉన్నవాళ్ళు కొంచెం తగ్గించుకోవడం, లేనివాళ్ళు లేకుండానే ఉండిపోవడం అని చాలామంది అభిప్రాయం. మా అభిప్రాయం వేరు. వేడిని లెక్క ప్రకారం వాడితే వృథా ఆగుతుంది. ఆగిన వృథాతో ఇంతవరకు వేడినీళ్ళు ఎరగనివాళ్ళకు కూడా అందించవచ్చు. బిల్లు తగ్గితే సంతోషమే. వరుసలో చివర నిలబడ్డ చిన్నపిల్లవాడికి కూడా వెచ్చని నీళ్ళు అందినప్పుడే అది నిజమైన పొదుపు అని మేము నమ్ముతున్నాము.

తరగతి గది కోసం పుట్టిన పరికరం

అమెరికా, కెనడా, ఇంగ్లండు వంటి చలి దేశాలలో ఇంటిని వెచ్చగా ఉంచడానికే ఎక్కువ ఇంధనం ఖర్చవుతుంది. గోడకు ఒక చిన్న పరికరం ఉంటుంది. దాన్ని థర్మోస్టాట్ అంటారు. ఇంట్లో ఎన్ని డిగ్రీలు ఉండాలో దానికి చెబితే చాలు. వేడి తగ్గితే హీటరును నడిపిస్తుంది, సరిపోగానే ఆపేస్తుంది.

దీని చరిత్ర మన విద్యార్థులకు ఆసక్తిగా ఉంటుంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వైట్‌వాటర్ అనే ఊరిలో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు ఉండేవాడు. అక్కడి బడిలో గదులు వెచ్చగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి పనివాడు ప్రతి తరగతి గదికీ వచ్చి చూసి, మళ్ళీ కిందికి దిగి వేడి గాలి వచ్చే దారులను సరిచేయవలసి వచ్చేది. పాఠం మధ్యలో ఆగేది. ఈ ఇబ్బంది తీర్చడానికి జాన్సన్ విద్యుత్తుతో పనిచేసే థర్మోస్టాట్‌ను తయారుచేసి 1883లో పేటెంటు పొందాడు. అంటే ఈ పరికరం ధనవంతుల భవనం కోసం కాక, పిల్లలు చదువుకునే గది కోసం పుట్టింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. చివర మళ్ళీ పనికొస్తుంది.

2011లో నెస్ట్ అనే పేరుతో ఒక కొత్త రకం థర్మోస్టాట్ వచ్చింది. ఇంట్లోవాళ్ళు ఎప్పుడు లేస్తారు, ఎప్పుడు బయటికి పోతారు అన్నది అది తనంతట తానే నేర్చుకుంటుంది. ఎవరూ లేనప్పుడు వేడి తగ్గిస్తుంది. వీటినే స్మార్ట్ థర్మోస్టాట్లు అంటున్నారు. డల్లాస్, న్యూజెర్సీ, టొరంటోలలో ఉంటున్న మన తెలుగువాళ్ళ ఇళ్ళలో కూడా ఇవి ఉంటాయి. సెల్‌ఫోన్ నుంచే వేడిని పెంచవచ్చు, తగ్గించవచ్చు. వీటివల్ల ఇంటిని వేడి చేయడానికి, చల్లబరచడానికి అయ్యే ఖర్చులో సగటున 8 శాతం ఆదా అవుతుందని అమెరికా ప్రభుత్వ ఎనర్జీ స్టార్ కార్యక్రమం చెబుతోంది. అయితే మామూలు థర్మోస్టాట్‌నే రోజుకు 8 గంటలపాటు 7 నుంచి 10 ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గించి పెట్టుకుంటే ఏడాదికి 10 శాతం దాకా ఆదా చేసుకోవచ్చని అదే దేశపు ఇంధన శాఖ చెబుతోంది. దీన్నిబట్టి ఏమి తెలుస్తోంది? మనిషి మరిచిపోయే పనిని స్మార్ట్ యంత్రం మరిచిపోకుండా చేస్తుంది, అంతే. శ్రద్ధ ఉన్న ఇంట్లో ఆ పనిని చెయ్యే చేస్తుంది. యంత్రం కొనలేకపోయినా దాని సూత్రం మనకూ అందుబాటులోనే ఉంది: కావలసినప్పుడు, కావలసిన చోట, కావలసినంత వేడి. అంతకు మించి వద్దు.

మన ఇళ్ళలో వేడి ఎక్కడుంది?

మన ఇళ్ళలో గదిని వెచ్చబెట్టే హీటర్లు లేవు, వాటి అవసరమూ లేదు. మనకు వేడి కావలసింది వంటకు, స్నానం నీళ్ళకు, ఇస్త్రీకి. వంటకు గ్యాసు వచ్చింది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చాక చాలా ఇళ్ళలో సిలిండరు ఉంది. కానీ స్నానం నీళ్ళకు గ్యాసు వాడటానికి ఏ తల్లికీ మనసు ఒప్పదు. కాబట్టి పల్లెల్లో ఇప్పటికీ వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి మీదే నీళ్ళు కాగుతాయి. ఆదోని చుట్టుపక్కల పత్తి పండుతుంది కనుక పత్తి కట్టెలే మనకు వంటచెరకు. ఆ పొయ్యిలో పుట్టే వేడిలో ఎక్కువ భాగం గాలిలో కలిసిపోతుంది. పొగ మాత్రం అమ్మ కళ్ళలోకి, అవ్వ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇది కూడా ఖర్చే. ఏ బిల్లులోనూ కనబడని ఖర్చు.

పట్టణాల్లో, కొంచెం జరుగుబాటు ఉన్న ఇళ్ళలో వాటర్ హీటరు రాడ్డు, గీజరు ఉంటాయి. ఈ రెండింటికీ ఒక పెద్ద తేడా ఉంది. గీజరు లోపల థర్మోస్టాట్ ఉంటుంది. మామూలు రాడ్డుకు ఉండదు. రాడ్డు నీళ్ళు మరిగినా ఆగదు. మనమే ఆపాలి.

థర్మోస్టాట్ ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఇస్త్రీ పెట్టెను గమనించండి. రెండు వేర్వేరు లోహపు రేకులను ఒకదానికొకటి అతికించి పెడతారు. వేడికి ఒక లోహం ఎక్కువగా, ఇంకొకటి తక్కువగా వ్యాకోచిస్తుంది. అందువల్ల రేకు వంగుతుంది. వంగగానే కరెంటు తెగిపోతుంది, ఎర్రలైటు ఆరిపోతుంది. చల్లారితే రేకు మళ్ళీ సర్దుకుంటుంది, లైటు వెలుగుతుంది. మనం సైన్సు పుస్తకంలో చదివే ద్విలోహపు పట్టీ ఇదే.

బకెట్ నీళ్ళ లెక్క

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలో క్యాలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటు 860 కిలో క్యాలరీలకు సమానం. ఈ రెండు అంకెలు తెలిస్తే చాలు, వేడినీళ్ళ లెక్క ఎవరైనా చేయవచ్చు.

20 లీటర్ల బకెట్‌లో నీళ్ళు 20 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు చాలు. అంటే 20 లీటర్లు, 20 డిగ్రీలు. 400 కిలో క్యాలరీలు. కరెంటు లెక్కలో అర యూనిట్ కంటే కొంచెం తక్కువ. 1500 వాట్ల రాడ్డుకు ఇది 20 నిమిషాల లోపు పని. స్విచ్ వేసి ఇంకో పనిలో పడి మరో 20 నిమిషాలు మరిచిపోతే? మరో అర యూనిట్ పోతుంది, నీళ్ళు 60 డిగ్రీలు దాటుతాయి. ఆ నీళ్ళు ఒంటికి పనికిరావు. సగం బకెట్ తీసేసి చన్నీళ్ళు కలపాలి. తీసేసిన నీళ్ళు వాడేవాళ్ళు లేకపోతే ఆ కరెంటు మురుగుకాలువలో పోసినట్టే. యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుందని బిల్లు చూసిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

గీజరు విషయంలో ఇంకో వృథా ఉంది. దాన్ని రోజంతా ఆన్‌లో ఉంచితే తొట్టిలో నీళ్ళు చల్లారుతూ, మళ్ళీ కాగుతూ ఉంటాయి. ఎవరూ స్నానం చేయకపోయినా మీటరు తిరుగుతుంది. గీజర్లకు స్టార్ గుర్తులు ఇచ్చేటప్పుడు ముఖ్యంగా కొలిచేది ఇలా ఊరికే పోయే వేడినే. కాబట్టి గీజరు మీటను 60 దగ్గర కాక 45, 50 మధ్య పెట్టుకోవడం, స్నానానికి పావుగంట ముందు వేసి స్నానానికి పోయే ముందు ఆపడం మంచిది. అయితే తక్కువ వేడిలో రోజుల తరబడి నిలవ ఉన్న నీళ్ళలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. ఊరికి పోయి వచ్చాక మొదటిసారి మీటను ఎక్కువలో పెట్టి బాగా కాచి వాడుకోవాలి.

సమయం ప్రకారం తనంతట తానే ఆగిపోయే టైమరు సాకెట్లు, సెల్‌ఫోన్‌తో నడిచే స్మార్ట్ ప్లగ్గులు ఇప్పుడు మన పట్టణాల్లో కూడా దొరుకుతున్నాయి. కొనేవాళ్ళు ఒక సంగతి చూసుకోవాలి. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. 6 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలిస్తే కాలిపోతుంది. 16 ఆంపియర్లదే తీసుకోవాలి. రాడ్డు వాడేవాళ్ళు ప్లగ్గు తీసిన తర్వాతే నీళ్ళలో చెయ్యి పెట్టాలి. ఇది పొదుపు కంటే ముందు చెప్పవలసిన మాట. చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు తప్పక నేర్పండి.

మన ప్రాంతంలో ఇంకొక చిక్కు ఉంది. బోరు నీళ్ళలో ఉప్పు, సున్నం ఎక్కువ. రాడ్డుకు, గీజరు కాయిల్‌కు తెల్లగా పొర కడుతుంది. ఆ పొర వేడిని నీళ్ళలోకి సరిగా పోనివ్వదు. అప్పుడప్పుడు శుభ్రం చేయకపోతే నీళ్ళు కాగడం ఆలస్యమవుతుంది, కాయిల్ త్వరగా పాడవుతుంది.

ఎండాకాలం సంగతి

చలి మన దగ్గర రెండు మూడు నెలలే. ఎండ మాత్రం మార్చి నుంచే మొదలవుతుంది. 40 డిగ్రీలు దాటడం మనకు మామూలే. కాబట్టి వేడిని అదుపు చేయడం అంటే వేడి లోపలికి రాకుండా చూడటం కూడా.

ఈ విద్య మన పెద్దలకు బాగా తెలుసు. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో పాత మట్టి మిద్దెలు చూడండి. మందమైన రాతి గోడలు, పైన దూలాలు, వాటి మీద మందంగా పరిచిన మట్టి, వాన దిగకుండా చవుడు. పగటి ఎండ ఆ మట్టిని దాటి లోపలికి వచ్చేసరికి పొద్దు గుంకుతుంది. సెల్‌ఫోన్ లేని కాలంలో అదే మన థర్మోస్టాట్. ఇప్పుడు వాటి స్థానంలో సన్నని స్లాబులు, రేకుల ఇళ్ళు వచ్చాయి. మధ్యాహ్నం రేకు కింద కూర్చోవడం పొయ్యి పక్కన కూర్చోవడమే. మళ్ళీ మట్టి మిద్దె కట్టుకోమని మేము అనడం లేదు. దాన్ని ఏటేటా చూసుకునే ఓపిక, మనుషులు ఇప్పుడు లేరు. కానీ స్లాబు మీద తెల్ల సున్నం కొట్టడం పెద్ద ఖర్చు కాదు. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. పక్క రాష్ట్రమైన తెలంగాణ 2023లో ఇందుకోసమే కూల్ రూఫ్ విధానం తెచ్చింది.

ఫ్యాను విషయం కూడా లెక్క వేద్దాం. పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. కొత్తగా వచ్చిన బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్ల దగ్గరే తిరుగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు ఒక్క ఫ్యానుకే 20 యూనిట్లు మిగులుతాయి. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు స్టార్ గుర్తు తప్పనిసరి అయింది. గోడకు పెట్టెలా ఉండే పాత రెగ్యులేటరు ఫ్యాను వేగం తగ్గించినా మిగిలిన కరెంటును వేడిగా మార్చి పారేస్తుంది. ముట్టుకుంటే వెచ్చగా ఉండేది అందుకే. ఇక ఏ.సి. ఉన్నవాళ్ళకు ఒక్క మాట. 2020 జనవరి 1 నుంచి మన దేశంలో తయారయ్యే గది ఏ.సి.లు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన వచ్చింది. ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. 18 డిగ్రీలు పెట్టుకొని దుప్పటి కప్పుకోవడం హోదా అనుకునే వాళ్ళకు ఈ లెక్క ఎవరైనా చెప్పాలి.

మా విన్నపం

ఇప్పుడు హాస్టళ్ళ సంగతికి వద్దాం. పశ్చిమ కర్నూలు ప్రాంతంలో వానలు సరిగా లేక, పనులు దొరకక ఎన్నో కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు, బెంగళూరుకు కట్టడం పనులకు వలస పోతాయి. అమ్మానాయనలు లేని ఇంట్లో పిల్లలు ఉండలేరు. హాస్టలే వాళ్ళకు ఇల్లు. కాబట్టి ఇంట్లో వేడి గురించి మాట్లాడేటప్పుడు హాస్టలు గురించి మాట్లాడకపోతే ఆ మాట సగమే.

కర్ణాటక ప్రభుత్వం 2007లో నిర్ణీత విస్తీర్ణం దాటిన కొత్త ఇళ్ళకు సోలార్ వాటర్ హీటరు తప్పనిసరి చేసింది. బెంగళూరులో మిద్దె మిద్దెకూ సోలార్ గొట్టాలు కనబడతాయి. ఆ మిద్దెలకు ఇటుకలు మోసినవాళ్ళలో మన ఊళ్ళ వాళ్ళు ఉన్నారు. వాళ్ళు కట్టిన ఇళ్ళలో సూర్యుడు నీళ్ళు కాస్తున్నాడు. వాళ్ళ పిల్లలు చదివే చోట కూడా అదే సూర్యుడు ఉన్నాడు, ఇంకా గట్టిగా ఉన్నాడు.

వంద మంది విద్యార్థులు ఉన్న హాస్టలును తీసుకుందాం. ఒక్కొక్కరికి 10 లీటర్ల వెచ్చని నీళ్ళు. మొత్తం 1000 లీటర్లు. 20 నుంచి 40 డిగ్రీలకు తేవాలంటే 20,000 కిలో క్యాలరీలు, అంటే రోజుకు 23 యూనిట్లకు పైగా కరెంటు. నెలకు 700 యూనిట్లు. అది బరువే. పైగా బొగ్గును కాల్చి ఆవిరి చేసి, ఆవిరితో కరెంటు చేసి, ఆ కరెంటుతో మళ్ళీ నీళ్ళు కాచడం తెలివైన పని కాదు. బొగ్గు వేడిలో దాదాపు మూడో వంతే కరెంటుగా మారుతుంది. మిగిలింది అక్కడే పోతుంది.

అదే సోలార్ హీటరు నీళ్ళను 60 డిగ్రీల దాకా కాస్తుంది. 60 డిగ్రీల నీళ్ళు 500 లీటర్లు, 20 డిగ్రీల నీళ్ళు 500 లీటర్లు కలిపితే 40 డిగ్రీల నీళ్ళు 1000 లీటర్లు తయారు. చన్నీళ్ళకు వేన్నీళ్ళు తోడు అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. అంటే వంద మందికి 500 లీటర్ల సోలార్ తొట్టి చాలు. మబ్బు పట్టిన రోజు కోసం దానికి కరెంటు కాయిల్ ఉంటుంది. స్మార్ట్ నియంత్రణ నిజంగా కావలసింది ఇక్కడే. తెల్లవారుజామున తొట్టిలో నీళ్ళు వేడిగా ఉంటే కాయిల్ వెలగనే కూడదు. చల్లగా ఉంటేనే వెలిగి, సరిపోగానే ఆగాలి. ఒక థర్మోస్టాట్, ఒక టైమరు ఉంటే ఈ పని జరిగిపోతుంది. ఎవరూ లేచి స్విచ్ వేయనక్కరలేదు.

అందువల్ల పెద్దలకు, అధికారులకు వినయపూర్వకంగా మనవి చేస్తున్నాము. హాస్టలు భవనం కొత్తగా కట్టినా, మరమ్మతు చేసినా సోలార్ వాటర్ హీటరును, దానికి థర్మోస్టాట్‌ను, టైమరును కలిపే అంచనా వేయండి. అమర్చడంతో ఆపకుండా ఏడాదికి రెండుసార్లు సున్నపు పొర తీయించే ఖర్చు కూడా అందులో రాయండి. ఎందుకంటే సున్నం పట్టి మూలపడ్డ సోలార్ హీటరు పైకప్పు మీద అలంకారం మాత్రమే.

విద్యార్థులుగా మా వంతు కూడా ఉంది. వేడినీళ్ళు వచ్చిన చోట పెద్ద తరగతుల వాళ్ళు ముందు పోసుకొని, మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలకు చన్నీళ్ళు మిగల్చడం న్యాయం కాదు. చిన్నవాళ్ళకు, జ్వరం వచ్చి లేచినవాళ్ళకు ముందు వరుస. మనిషికి ఒక బకెట్ కొలత. కారే కొళాయిని చూసినవాళ్ళే వార్డెన్ గారికి చెప్పాలి. యంత్రం వేడిని మాత్రమే కొలవగలదు. ఎవరికి ముందు అన్నది కొలవవలసింది మనమే.

ఎమ్మిగనూరు మనకు ఒక పాఠం నేర్పింది. 1938లో మాచాని సోమప్ప గారి పూనికతో ఇక్కడ చేనేత సహకార సంఘం ఏర్పడింది. ఒక్క మగ్గం వల్ల కానిది సంఘం వల్ల అయింది. వేడినీళ్ళ విషయంలో కూడా అంతే. ఒక ఇల్లు సోలార్ హీటరు కొనలేకపోవచ్చు. ఒక వీధిలో నాలుగు ఇళ్ళు కలిసి ఆలోచించవచ్చు.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పని చేయండి మిత్రులారా. రాడ్డు గానీ గీజరు గానీ ఉన్న ఇంట్లో నీళ్ళు కాచే ముందు మీటరు అంకె రాసుకోండి, కాచిన తర్వాత మళ్ళీ రాసుకోండి. కట్టెల పొయ్యి అయితే ఒక రోజుకు ఎన్ని కట్టెలు పోతున్నాయో లెక్కపెట్టండి. ఆ లెక్క అమ్మకు చెప్పండి. సెలవులు అయ్యాక అందరి లెక్కలూ హాస్టలు గోడపత్రికలో రాద్దాం. ఆ అంకెలు చూపించి అడిగితే మన విన్నపాన్ని కాదనడం ఎవరికైనా కష్టమే.